గట్టు మీది గొంతు

ఆరేళ్ల కిందట ఒక కథ రాసి, కాస్త పరిచయమున్న ఒక సంపాదకుడికి పంపాను. దెందులూరు స్టేషన్లో పాసింజరు బండి కోసం ఎదురుచూసే ఒక ముసలాయన కథ. అందులో పెసరట్టు ఉంది, కాలవగట్టు ఉంది, వేణ్ణీళ్లు కాగే రాగి డేగిసా ఉంది. "ఆయ్" అనే మాట పద్నాలుగు సార్లు ఉంది (తర్వాత లెక్కపెట్టాను). రెండు రోజుల్లో జవాబొచ్చింది. "బాగుందండీ. కానీ మీరు రాసినట్టు లేదు. వంశీ గారు సెలవు పెడితే ఆయన బదులు మీరు డ్యూటీ చేసినట్టుంది."

ముందు నవ్వొచ్చింది. తర్వాత రెండు రోజులు కోపంగా తిరిగాను. మూడో రోజు కథ మళ్లీ తీసి చదివితే ఒక సంగతి తట్టింది. మా ఇంట్లో గానీ మా వీధిలో గానీ మాటమాటకీ "ఆయ్" అనేవాళ్లు లేరు. అది కోనసీమ వైపు మాట. మా ఊరి మనుషుల్ని రాస్తున్నానని అనుకుంటూ, వాళ్ల నోట్లో నేను పుస్తకాల్లో చదివిన మాట పెట్టాను. సొంత ఊరి గురించి కూడా అరువు చెవితో విన్నాను.

ఇది ఒక్క నా జబ్బే అయితే వ్యాసం రాసేంత విషయం కాదు. గత పదేళ్లుగా వెబ్ పత్రికల్లో వస్తున్న "మా ఊరి కథలు" వరసపెట్టి చదువుతున్నాను. వాటిల్లో సగం నా ముసలాయన కథకి చుట్టాలే.

*

ఈ తరహా కథకి మన దగ్గర మంచి పెద్దలున్నారు. శంకరమంచి సత్యం 'అమరావతి కథలు', నామిని 'పచ్చనాకు సాక్షిగా', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', వంశీ 'మా పసలపూడి కథలు'. నాలుగూ నాలుగు రకాలు. సత్యం గారి అమరావతికి గుడీ, నదీ, వాటి వెనకున్న చరిత్రా నేపథ్యం. నామిని చిత్తూరు పల్లెలో తల్లి నోటి మాటే వచనమైంది. ఖదీర్‌బాబు నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటి తలుపు తెలుగు కథకి తెరిచాడు. వంశీ గోదావరి గట్టు మీది మనుషుల్ని తిండితో, పంతాలతో, పిచ్చి ప్రేమలతో సహా వారం వారం 'స్వాతి' పాఠకుల ఇళ్లకి తీసుకెళ్లాడు.

వీళ్ల తర్వాత వచ్చిన మనం వీళ్ల నుంచి తీసుకున్నది మటుకు ఒకటే మూస. ఒక నిక్‌నేమున్న మనిషి, ఒక వంటకం, నాలుగు యాస మాటలు, ఆఖరి పేరాలో ఒక చావు. చావుకి ముందు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో దిగిన కథకుడు. అతనికి ఊరంటే ప్రేమ. ఆ ఊళ్లో అతని వాళ్లు ఏం చేసి బతికారో, ఎవరి చేత ఏం చేయించారో కథలో ఉండదు.

యాసకీ గొంతుకీ తేడా ఉంది. "పడుద్ది", "వస్తంది" అని రాస్తే యాస వస్తుంది. చెవి బావుంటే ఎవరైనా రాయొచ్చు. గొంతు రావాలంటే మాట్లాడేవాడు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో తేలాలి. నామిని కథల్లో ఆ పిల్లాడు ఏ ఇంట్లో, ఎంత అప్పులో, ఏ కయ్య గట్టు మీద నిలబడ్డాడో మనకి అనుమానమే ఉండదు. దర్గామిట్ట కుర్రాడి సంగతీ అంతే. నా కథలో ఆ ముసలాయన్ని చూస్తున్నవాడు ఎవరు? ప్లాట్‌ఫారం మీద ఎక్కడున్నాడు? నాకే తెలీదు.

*

దెందులూరు ఏలూరుకి పది పన్నెండు కిలోమీటర్లు. జాతీయ రహదారి మీదా, విజయవాడ–విశాఖ రైలు మార్గం మీదా ఉన్న ఊరే గానీ, మా ఊరు దాటిపోయినవాళ్లే ఎక్కువ, దిగినవాళ్లు తక్కువ. ఉత్తరానికి వెళ్తే మెట్ట, పెదవేగి, అంటే ఒకప్పటి వేంగి. దక్షిణానికి వెళ్తే పల్లం, కొల్లేరు. స్కూల్లో సోషల్ మాస్టారు శాలంకాయనుల గురించీ తూర్పు చాళుక్యుల గురించీ చెప్తుంటే ఛాతీ ఉబ్బేది. కొల్లేరు గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. అది మాకు చరిత్ర కాదు, ఇళ్లల్లో మగాళ్లు పొద్దున్నే వెళ్లే పని.

నా చిన్నతనపు కొల్లేటిలో సరస్సు లేదు. గట్లున్నాయి. గట్టుకి ఆ పక్కా ఈ పక్కా చెరువులు. నీళ్లలో పాతిన కర్రలకి చిల్లులు పెట్టిన తవుడు బస్తాలు కట్టి ఉండేవి. బొచ్చె, శీలావతి వచ్చి ఆ చిల్లుల దగ్గర తినేవి. కోళ్ల పెంట వాసన, తడి తవుడు వాసన, డీజిల్ ఇంజను వాసన. ఈ మూడూ కలిసిన వాసనే నాకు నాన్న వాసన. మబ్బు పట్టిన రాత్రుళ్లు ఆయన నిద్రపోయేవాడు కాదు. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేప పైకి తేలితే, గంటలో ఏడాది కష్టం వెల్లకిలా పడుతుంది. మూడింటికి లేచి టార్చిలైటు పట్టుకుని సైకిలెక్కేవాడు. పట్టుబడి రోజున మాత్రం నన్నూ తీసుకెళ్లేవాడు. వలలో చేప ఎగురుతుంటే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఐసు కొట్టి పెట్టెల్లో నింపి లారీలకెక్కించేవారు. ఆ లారీలు కలకత్తా వెళ్తాయని తెలిసినప్పుడు ప్రపంచం చాలా పెద్దదనిపించింది.

ఇవేవీ నా కథలో లేవు. ఎందుకు లేవని అడిగితే, ఇది "ఊరి కథ"లా అనిపించలేదని చెప్పేవాణ్ణి. పెసరట్టు సాహిత్యం, తవుడు బస్తా వ్యాపారం.

*

అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు' నాకు బెంగళూరులో ఒక స్నేహితుడి గదిలో దొరికింది. 2020లో వసంత కన్నబిరాన్ ఇంగ్లీషు అనువాదం కూడా వచ్చింది, 'సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్' పేరుతో. కుటుంబరావు గారు సినిమా దర్శకుడిగా చాలామందికి తెలుసు గానీ ఈ నవల సినిమావాళ్ల రాత కాదు. కొల్లేరుని దూరం నుంచి చూసే అందంగా కాకుండా, ఊళ్లని బతికించే ఏర్పాటుగా చూపించిన పుస్తకం. నీళ్లు పెరగడం, తగ్గడం, దాన్ని బట్టి మనుషుల పనులూ తిండీ తగువులూ మారడం, పడవలూ పక్షులూ వరదలూ, కులాల మధ్య దూరాలూ అవసరాలూ. ఒక సరస్సు బతికుంటే చుట్టూ ఎన్ని బతుకులు నడుస్తాయో ఆ పుస్తకం చదివాకే నాకు అర్థమైంది. మా ఊరికి దక్షిణాన ఒకప్పుడు ఉన్నదేంటో నాకు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఒక నవల చెప్పింది.

చదువుతూ ఏడ్చాను. ఆ ఏడుపు మీదే ఇప్పుడు నా విమర్శ. నవల మీద కాదు, నా మీద.

కొల్లేరు గురించి మాట్లాడేటప్పుడు మనం వాడే క్రియలు చూడండి. చెరువులు "వచ్చాయి". నీళ్లు "పాడయ్యాయి". పక్షులు "తగ్గిపోయాయి". సరస్సు "చచ్చిపోయింది". కర్త లేకుండా దుఃఖపడటానికి తెలుగు చాలా అనుకూలమైన భాష. కుటుంబరావు గారు కర్తని దాచలేదు. ఆశ, పెట్టుబడి, ప్రభుత్వం వేసిన లెక్కలు, అన్నీ ఆ కథ వెనకున్నాయి. దాక్కున్నది పాఠకుణ్ణి, నేను. పోగొట్టుకున్నవాళ్ల వరసలోకి మెల్లగా జరిగి, "అయ్యో మన కొల్లేరు" అని వాళ్లతో కలిసి ఏడ్చాను. నిజానికి నేను నిలబడాల్సిన వరస వేరు.

1970ల్లో ప్రభుత్వమే కొల్లేట్లో చెరువులు తవ్వించి మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకి ఇచ్చింది. చేప పెంచాలంటే పిల్ల కొనాలి, మేత కొనాలి, డీజిల్ కొనాలి. పెట్టుబడి లేని సంఘాల చెరువులు లీజుల మీద పెట్టుబడి ఉన్నవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. 1980లు, 90లు వచ్చేసరికి సరస్సు గళ్లు గళ్లుగా మారింది. 1999లో +5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పొక్లెయిన్లు వచ్చి అభయారణ్యంలో ఉన్న చెరువుల గట్లు తెగ్గొట్టాయి.

ఈ పేరాలో మా నాన్న ఎక్కడున్నాడు? "పెట్టుబడి ఉన్నవాళ్లు" అన్న చోట ఉన్నాడు. పెద్ద పెట్టుబడేం కాదు, నలుగురితో కలిసి వాటా. చెరువు ఒక సొసైటీ పేరు మీద ఉండేది. ఆ సొసైటీలో సభ్యుడైన ఒక పెద్దాయన అదే చెరువు గట్టు మీద మాకు కాపలా ఉండేవాడు. తవుడు బస్తాలు కట్టేవాడు. కాగితం మీద చెరువు ఆయనది, చేప మాది, కూలి ఆయనది. నేను ఆయన్ని "కాపలా తాతా" అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను "చిన్నబాబుగారూ" అనేవాడు. అప్పుడు నాకు ఏడేళ్లు, ఆయనకి అరవై.

2006లో గట్టు తెగ్గొట్టారు. నా పదో తరగతి పరీక్షల సంవత్సరం. పేపర్లలో అది మంచి వార్త. సరస్సుకి మంచి జరిగిందని చదివేవాణ్ణి, పేపరు మడిచి పక్కన పెడితే ఇంట్లో అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లేవి. రెండూ నిజమే. తర్వాత నాన్న అభయారణ్యం బయట, వరిచేలు చెరువులైన చోట మళ్లీ వాటా కలిశాడు. రెండేళ్లకి నాకు ఇంజనీరింగ్ సీటు మేనేజ్‌మెంట్ కోటాలో వచ్చింది. ఆ ఫీజు బొచ్చె, శీలావతి కట్టాయి.

మా పనిలో 'గిట్ బ్లేమ్' అని ఒక కమాండ్ ఉంటుంది. ప్రోగ్రాములో ఏ లైను ఎవరు రాశారో పేరుతో సహా చూపిస్తుంది. ఏదో తప్పు దొరికి, ఎవడ్రా ఇది రాసిందని కోపంగా ఆ కమాండ్ కొడితే, చాలాసార్లు నా పేరే వస్తుంది. 'కొల్లేటి జాడలు' నాకు అలాంటి పుస్తకమైంది. ఇది కొంచెం ఆలస్యంగా, రెండోసారి చదివినప్పుడు.

*

ఆ రెండో చదువుకి కారణం 2020 డిసెంబర్.

కరోనా వల్ల ఇంటి నుంచే పని, దెందులూరులో ఉన్నాను. మొదటి వారాంతంలో ఏలూరు వన్‌టౌన్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మనుషులు ఉన్నట్టుండి పడిపోతున్నారు. మూర్ఛ, నోట్లో నురగ, కొన్ని నిమిషాలకి తేరుకోవడం, ఏం జరిగిందో గుర్తులేకపోవడం. వారం తిరిగేసరికి లెక్క ఆరు వందలు దాటింది. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. వేరే సంస్థలు పురుగుమందుల అవశేషాల వైపు చూపించాయి. జనవరిలో భీమడోలు మండలం పూళ్లలోనూ, మా మండలంలోనే కొమిరేపల్లిలోనూ ఇలాంటివే మళ్లీ కనిపించాయి.

రెండో రోజు రాత్రి నేనొక కవిత రాశాను. "కుళాయి విప్పితే మరణం" అని మొదలు. మధ్యలో "వాళ్లు" అని కొందరు దుర్మార్గులు. చివర "మనం మనుషులమేనా?" అని ప్రశ్న. పరీక్షల ఫలితాలు రాకముందే నా కవిత తీర్పు చెప్పేసింది. ఫేస్‌బుక్‌లో పెడితే నా జీవితంలో ఎప్పుడూ రానన్ని లైకులు వచ్చాయి. పొద్దున్న అమ్మ ఫోన్లో చదివి, కళ్లజోడు తీసి అడిగింది: "మీ అత్త సంగతి ఇందులో లేదేంట్రా?"

మా మేనత్త ఉండేది వన్‌టౌన్‌లోనే. శనివారం సాయంత్రం వంటింట్లో పడిపోయింది. ఆసుపత్రిలో తెలివొచ్చాక ఆవిడ అడిగిన మొదటి మాట "స్టవ్ మీద పాలు దించారా?" అని. ఆ మాట నేను స్వయంగా విన్నాను. మంచం పక్కనే ఉన్నాను. మర్నాడు రాత్రి కవిత రాసేటప్పుడు అది నాకు గుర్తే రాలేదు.

ఆ కవితని ఇప్పుడు విమర్శకుడిగా చూస్తే తప్పు ఒక్కచోట లేదు. అందులో ఏలూరు లేదు. అదే సంవత్సరం మే నెలలో జరిగిన విశాఖ గ్యాస్ లీకుకి అతికించినా, కుళాయి తీసి గాలి పెడితే సరిపోయేది. అందులో అత్త లేదు, పాలు లేవు, భయంతో టిన్ను నీళ్లు కొనడానికి పరిగెత్తిన నేనూ లేను. "వాళ్లు" ఎవరో నాకు తెలీదు, అయినా వాళ్లలో నేను లేనన్నది మాత్రం తేల్చి చెప్పేశాను. సంఘటన జరిగిన రాత్రే వచ్చే మన కవితల్లో చాలావాటి అసలు పని ఇదేనేమో అనిపిస్తుంది: ఆ దుర్మార్గం జరిగినప్పుడు నేను అవతల పక్కనున్నానని సంతకం పెట్టడం.

వెంటనే రాయడం తప్పని అనడం లేదు. ఆలస్యం దానంతటదే గొంతు ఇవ్వదు. కారంచేడు 1985 జూలైలో, చుండూరు 1991 ఆగస్టులో. దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట' 1995లో వచ్చింది. ఆ మధ్యకాలంలో జరిగింది ఊరికే ఎదురుచూడటం కాదు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి తరఫున, ఏ హక్కుతో అన్న ప్రశ్న తెలుగు సాహిత్యంలో తప్పించుకోలేనిదైంది. దళిత కవులు తాము ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో దాచలేదు. మిగిలినవాళ్లం కూడా చెప్పక తప్పని పరిస్థితి తెచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత మన "మా ఊరి కథలు" చూస్తే, ఆ ప్రశ్నని మనం యాసతో కప్పేశామనిపిస్తుంది. గోదావరి యాసలో మాట్లాడితే చాలు, గట్టు మీద ఎవరు బస్తా మోశారో, ఎవరు గొడుగు కింద కూర్చున్నారో ఎవరూ అడగరు.

*

ముసలాయన కథ మళ్లీ రాయడం మొదలుపెట్టాను. ఈసారి ప్లాట్‌ఫారం మీద ఉన్నది కాపలా తాత. లీజు డబ్బుల పంపకం రోజున ఊరికి రావాల్సినవాడు. చూస్తున్నది ఏడేళ్ల "చిన్నబాబుగారు". అంత తేల్చుకున్నాక వాక్యాలు మారిపోయాయి. పొట్టివయ్యాయి. ఏ విశేషణం దగ్గరైనా చెయ్యి ఆగుతోంది, ఎవరి కంటికి అది అందంగా ఉందని. "సంజెవెలుగులో మెరిసే నీళ్లు" అని రాసి కొట్టేశాను. సంజెవేళ ఆ నీళ్లకేసి చూసే తీరిక గట్టు మీద నాకొక్కడికే ఉండేది. ఆ తీరిక కూడా కథలో భాగమని తర్వాత తోచి, మళ్లీ పెట్టాను.

ఒక పండక్కి వెళ్లినప్పుడు నాన్నకి ఒక పేజీ చదివి వినిపించాను. చెరువు వాళ్లది, చేప మాది అన్న చోట ఆగి ఆయన మొహంలోకి చూశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "అబద్ధమేం కాదులే. కానీ లీజు డబ్బులు ఒక్క ఏడు కూడా ఎగ్గొట్టలేదు. అది కూడా రాయి."

రాశాను. ఆ వాక్యం పడ్డాక కథ చాలా కష్టమైపోయింది. నాన్న దుర్మార్గుడైనా, బాధితుడైనా నాకు తేలిగ్గా ఉండేది. రెండూ కాదు. లీజు ఎగ్గొట్టని మనిషి, కాపలా తాతని ఏకవచనంలో పిలిచిన మనిషి, తెల్లారగట్ల మూడింటికి టార్చిలైటుతో సైకిలెక్కిన మనిషి. మనకి దొరికిన ఊరి కథ మూసలో ఇలాంటివాడికి చోటు లేదు. కుటుంబరావు గారి తరానికి పోగొట్టుకున్న సరస్సు ఉంది. దాని మీద ప్రేమతో వాళ్లు రాశారు, రాయాలి కూడా. ఆ సరస్సు మీద వేసిన గట్ల మీద పెరిగిన నా తరానికి ఆ ప్రేమ అరువుగా తెచ్చుకునే హక్కు లేదు. మా దగ్గర ఉన్నది వేరే సరుకు. ఫీజు రసీదులు, తవుడు వాసన, "చిన్నబాబుగారూ" అన్న పిలుపు. సాహిత్యానికి పనికిరావని ఇన్నాళ్లూ పక్కన పెట్టినవి అవే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు నా టైమ్‌లైన్ నిండా కవితలు. నాకూ చెయ్యి లాగింది. ఆ నీళ్లు చివరికి చేరేది కొల్లేటికే. కవిత బదులు నాన్నకి ఫోన్ చేశాను, మన వైపు ఎలా ఉందని.

"ఇంకా రాలేదు. అక్కడ తీసినాకే ఇక్కడ పెరుగుద్ది. ఆపైన ఉప్పుటేరు లాగాలి గదా," అన్నాడు.

కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఈ సంగతి నేను వ్యాసాల్లో చాలాసార్లు చదివాను. నాన్న నోట్లో "లాగాలి" అన్న మాటతో వినడం మాత్రం అదే మొదటిసారి. ఆ మాట నోట్సులో రాసుకుని తేదీ వేశాను. ఆ రాత్రి ఇంకేమీ రాయలేదు.

కథ ఇప్పుడు పదకొండు పేజీలు అయింది. పెసరట్టు తీసేశాను. "ఆయ్" ఒక్కటీ లేదు. కాపలా తాత పోయి చాలా ఏళ్లయింది, ఆయన మనవడు భీమడోలులో ఉంటాడని తెలిసింది. సంపాదకుడికి పంపేముందు అతనికి ఒకసారి చదివి వినిపించాలి. అతను ఏం చేర్చమంటాడో నాకు తెలీదు.